వంకర పలక

పలక వంకరగా వచ్చినప్పుడు కోసినవాని చేయి వంకరయనుట మనకు తొలుత తోచు మాట. నేను ముప్పదియేండ్లు పిల్లలకు గణితము చెప్పి, లెక్కలో తప్పు ఏ మెట్టున దొరలినదో వెదకి చూపుటయే వృత్తిగా బ్రదికినవాడను. అట్టి నేనును ఆ తొలి మాటనే పట్టుకొని, ఒక కోతపనివాని కూలిలో మూడు వారములపాటు రూకలు తగ్గించి యిచ్చితిని. ఆ సంగతి దాచుకొనుటకంటె చెప్పుకొనుటయే మేలని తోచి వ్రాయుచున్నాను.

ఖమ్మము వైపు మెట్టచేలు ముగిసి భద్రాచలపుటడవులు మొదలగు తావున, బూర్గంపాడు సమీపమున, మా బావమరిదికి లైసెన్సు గల కోతమిల్లొకటి కలదు. ఉద్యోగవిరమణానంతరము నేనందు కొంత సొమ్ము పెట్టి, లెక్కలు వ్రాయుటకు పోయి కూర్చుండుచుంటిని. అక్కడ అడవి టేకు కోయరు. రైతులు తమ చేలలో పెంచిన జామాయిలు, తుమ్మ, వేప, ముసలి మామిడి, ఇవియే వచ్చును. సారపాకలో కాగితపు మిల్లు 1979లో వెలసిన పిమ్మట ఈ ప్రాంతపు రైతులు జామాయిలును, సుబాబులును విస్తారముగా వేయసాగిరి. సన్నని కర్ర మిల్లునకు పోవును. లావెక్కిన దుంగలలో కొన్ని మా బోటివారి యొద్దకు వచ్చి, సెంట్రింగు పలకలుగను, పెట్టెచెక్కలుగను మారును.

మా బావమరిది పాతదొక చిన్న కోతయంత్రమును కొనెను. దానిని బండివలె తగిలించి యెచటికైనను లాగుకొని పోవచ్చును. రెండు చక్రములమీద ఉక్కు పట్టీవంటి రంపము తిరుగుచుండగా, ఆ యంత్రపు తల పట్టాలమీద దుంగ వెంబడి నడచును, దుంగ కదలదు. లాగుకొని పోదగినదైనను మేము దానిని మిల్లు ఆవరణము దాటనీయము. 1996 డిసెంబరు 12వ తేదీని సర్వోన్నత న్యాయస్థానము గోదావర్మన్ వ్యాజ్యములో నిచ్చిన ఉత్తరువు మొదలు, కేంద్రప్రభుత్వపు అనుమతి లేక అడవిలో రంపపు మిల్లు నడపుట నిషిద్ధము. ఈ కట్టడి వ్యాపారమునకు ఇబ్బంది యని మా బావమరిది విసుగుకొనును. కట్టడి లేనినాడు ఈ కొండలమీది మ్రానులు తెప్పలై గోదావరి వెంట రాజమహేంద్రవరమునకు తేలిపోయిన కథ తెలిసినవాడను గనుక నేను విసుగుకొనను.

2022 జూలైలో భద్రాచలమునొద్ద గోదావరి 71 అడుగులు దాటి వచ్చినప్పుడు, ఆ పోటునకు కిన్నెరసాని నీరు వెనుకకు దన్ని మా ఆవరణములో నిలిచెను. యంత్రపు తలను పైకెత్తి కట్టిరి గాని, పట్టాలు నాలుగు దినములు నీటిలోనే యుండెను. నీరు తీసిన తరువాత ఒండ్రు కడిగి, నూనె పూసి, యంత్రమును మరల తిప్పిరి. తిరిగినది గనుక బాగున్నదని అందరమును తలచితిమి.

పలకలు చెడిపోవుట ఆ మీదటనే మొదలాయెను. కొన్ని నీటియలలవలె ఎగుడుదిగుడుగా వచ్చెను. కొన్ని ఒక యంచున మందముగను, రెండవ యంచున పలుచగను వచ్చెను. కొనువారు త్రిప్పి పంపిరి. కోతపనివాడు దుంగను సరిగా బిగింపక, తొందరపడి తోయుచున్నాడని నేను నిశ్చయించి, చెడిన పలకకింత యని అతని కూలిలో తగ్గించితిని. అతడు పండ్రెండేండ్లుగా ఈ పనిలోనున్నవాడు. మొదటి వారముననే, "సారూ, చక్రాల బెల్టులు అరిగినయి, మార్చాలె" అని చెప్పియుండెను. దసరా పోనిమ్మని నేనంటిని. తరువాత అతడేమియు ననలేదు. నేను దానిని ఒప్పుకోలుగా నెంచుకొంటిని. అప్పున్నవాడు యజమానితో వాదింపడను సంగతి ముప్పదియేండ్లు బడిలో గడపిన నాకు తోచకపోవుట చిత్రమే.

అతని భార్య రంపపుపొట్టు ఊడ్చి తట్టలకెత్తుచుండును. ఆమెకు మా పుస్తకములో పేరు లేదు. మగనితో వచ్చునది గనుక ఆ పనియు మగని కూలిలోనిదే యని వాడుక. ఒకనాడామె తట్ట దింపి, పిడికెడు పొట్టు నా బల్లమీద పోసి, "చూడు సారూ, ఇది పిండి లెక్క వస్తున్నది. ఇదివరకు రవ్వ లెక్క వస్తుండె. ముట్టుకుంటె కాలుతున్నది కూడా. ఆయన చెయ్యి చెడిందో, రంపం చెడిందో మీరే చెప్పాలె" అనెను. అని, జవాబునకు నిలువక పోయెను.

ఆమె చెప్పినది అక్షరాల నిజము. పదునుగల రంపము కర్రను కొరికి రవ్వగా రాల్చును. మొద్దువారినది రాచి పిండి చేయును, రాపిడికి వేడెక్కును, వేడెక్కిన పట్టీ సాగి బిగువు సడలి తన దారిన తాను పోవును. అలల పలకకు హేతువదియే. అంతేకాదు, రంపమును విప్పి వెలుతురులో త్రిప్పి చూడగా, పండ్ల నడుమనున్న గుంటల మొదట వెండ్రుకవంటి బీటలు మూడు కనబడెను. పట్టీ చక్రము చుట్టు వంగి మరల తిన్ననగుచు నిమిషమునకు కొన్ని వందల మారులు తిరుగును. బిగువుతో రాత్రియంతయు విడిచిపెట్టినచో ఆ బీటలు త్వరగా పుట్టును. సాయంకాలము బిగువు సడలింపవలెనని అతనికి తెలియును. పొద్దున మరల బిగించుటకు కాలము వ్యర్థమగునని వలదన్నవాడు మా బావమరిది. విని యూరకున్నవాడను నేను. ఆ పట్టీ తెగి ఎగిరినచో దాని కెదుట నిలిచియుండువాడు ఆ కోతపనివాడే. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మరునాడు మిల్లు నిలిపి, మేమిద్దరమును రెండు దినములు యంత్రమును పరీక్షించితిమి. నిజమునకు పరీక్షించినవాడతడు, నేను దారము పట్టుకొంటిని. పట్టాల రెండు కొసలకును దారము బిగించి కట్టగా, వరదకు నేల క్రుంగి నడుమ అంగుళములో మూడవ వంతు సందు కనబడెను. రసమట్టము అడ్డముగా నుంచగా ఒక వైపు పల్లమాయెను. తాపీమేస్త్రి గోడకు వాడు పనిముట్టే ఇక్కడను చాలును. ఆ వైపు త్రవ్వి, కంకర కొట్టి, ఇనుపరేకులు దూర్చి సరిచేసితిమి.

పిమ్మట చక్రములు. వాని యంచున తొడిగిన రబ్బరుబెల్టులు అరిగి, రంపము ఇనుముమీదనే నడచుచుండెను. అందుచేత లోపలి వైపునకు వంచిన పండ్లు చక్రమునకు రాచుకొని అణగిపోయినవి. పండ్లు ఒకటి కుడికి, ఒకటి యెడమకు సమముగా వంగియున్నగాని రంపము తిన్నగా పోదు. ఒక ప్రక్క అణగినచో రెండవ ప్రక్కకు లాగును. క్రొత్త బెల్టులు తొడిగి, కదురు మరను కొంచెముగా త్రిప్పుచు, పండ్ల గుంటలు చక్రపుటంచునకు కొంచెము వెలుపల నడచునట్లు రంపమును నిలిపెను. చేతితో త్రిప్పి చూచినపిదపగాని యింజను ముట్టలేదు. దారి చూపు గైడురోలరు ఒకటి ఒండ్రు పట్టి బిగిసిపోయియుండెను. దానిని మార్చి, రంపమునుండి క్రింది పీఠమునకు రెండు కొసలను కొలువగా ఎనిమిదవ వంతు అంగుళము భేదము తేలెను.

ఇచ్చట నా గణితము నన్ను వెక్కిరించెను. రంపము ఒక ప్రక్కకు వాలియున్నచో పై పలకలన్నియు సమముగానే వచ్చును, ఏలయన రెండు కోతలును ఒకే వాలున నడచును. పీఠమున కానియుండు కడపటి పలక మాత్రమే ఒక యంచున లావగును. నేను చెడినవని వ్రాసికొన్న పలకలలో అలలు లేనివన్నియు కడపటివే! పుస్తకములో వరుస సంఖ్యలు నా వ్రాతలోనే యున్నవి. చేయి చెడినవాడు ప్రతి దుంగకును కడపటి పలకనే యేల చెరచును? తరగతిలో పిల్లవాడెవడైనను ఈ ప్రశ్న విడిచిపెట్టినచో బల్ల యెక్కి నిలువుమనియుందును.

అన్ని దోషములును యంత్రమువి కావు. జామాయిలు కర్రలో పెరుగునప్పటి బిగువు దాగియుండును. కోయగానే పలక విల్లువలె లేచును. దుంగను ఒక ప్రక్కనే కోయక, రెండు పలకలకొకమారు తిరుగవేసి ఎదుటి ప్రక్కను కోసినచో కొంత తగ్గును. దీనిని చదివి నేను అతనికి బోధింపబోగా, అతడు పది యేండ్లనుండి అట్లే చేయుచున్నానని నవ్వెను.

ఈ పట్టీరంపమునకు ఆంగ్లదేశమున న్యూబెరీ యనువాడు 1808లోనే పేటెంటు పొందినను, తెగని యతుకు దొరకక చాలకాలము పనికిరాకపోయినదట. ఆ యతుకు విధానమును 1846లో సాధించినది ఫ్రెంచి స్త్రీ, క్రెపాన్ అను నామె. ఈ సంగతి మా యింట చెప్పగా నా భార్య, "మరి మీ పొట్టు ఊడ్చే ఆవిడకు కూలి ఎంత?" అని యడిగినది. జవాబు చెప్పలేక భోజనము ముగించి లేచితిని.

తగ్గించిన సొమ్ము లెక్క కట్టి అతని చేతికిచ్చితిని. అతడు లెక్కపెట్టుకొని, నా యెదుట కాక, భార్య చేతికిచ్చెను. ఆమె, "మా ఇద్దరివీ వేరువేరు రాయి సారూ" అనెను. మా బావమరిది, ఒకరికి వ్రాసినచో అందరును అడుగుదురని మొగము ముడుచుకొనెను. అడుగుదురు, అది నిజమే. దుంగలు మోయువారి భార్యలిద్దరు అప్పుడే అడిగియున్నారు. ఆమె పేరు వ్రాసితిని. తక్కిన ఇద్దరి సంగతి మాకింకను తగవుగానే యున్నది.

ఇప్పుడు పొద్దున మొదటి దుంగ కోసిన వెంటనే ఆమె పొట్టు పిడికిట పట్టి చూచును. పిండియైనచో చేయి యెత్తును. అతడు యింజను నిలిపి, రంపము మార్చి, పాతదానిని ఆకురాయికి పెట్టును. క్రింది చక్రపు బేరింగు మరల కొంచెము మ్రోగుచున్నదట. సంక్రాంతి దాక పోనిమ్మని మా బావమరిది యనుచున్నాడు. నేను నిన్ననే కొత్తగూడెమునకు మనిషిని పంపితిని.