ఇనుము ఎంత గట్టిదో దానికెవరు చెప్పారు?

మాది మంగినపూడి. ఊరి పేరు చెప్పగానే అందరూ బీచ్ గురించి అడుగుతారు. మా ఇంట్లో అన్నం పెట్టింది మాత్రం సముద్రం కాదు, చిలకలపూడి. అక్కడి రోల్డుగోల్డు నగలకు మా నాన్న అచ్చులు చెక్కేవారు. అరచేతిలో ఇమిడే ఇనప దిమ్మ మీద ఉలితో మామిడి పిందెలు, నెమళ్లు పల్లంగా చెక్కాలి. దాని మీద రేకు పెట్టి కొడితే బొమ్మ రేకులోకి దిగుతుంది. అచ్చులో వెంట్రుకవాసి తేడా ఉన్నా ఆ అచ్చు మీద దిగే ప్రతి నగలోనూ ఆ తేడా ఉంటుంది.

నేను ఉలి పట్టలేదు. ఐటీఐ అయ్యాక హైదరాబాద్ వెళ్లి, బాలానగర్‌లో ఓ చిన్న షెడ్డులో సీఎన్‌సీ మిల్లింగ్ మెషీన్ మీద కుదిరాను. ఇప్పుడు ప్రోగ్రాములు రాస్తున్నాను.

నాన్నకు శుక్లాల ఆపరేషన్ అయ్యాక రోజంతా కూర్చుని చెక్కడం కష్టమైంది. ఆయన అచ్చులిచ్చే షాపు యజమాని మొహమాటపడుతూనే, ‘ఇక మెషీన్ మీద చేయిద్దాం బాబాయ్, మీవాడు ఉన్నాడుగా’ అన్నాడట. నలభై ఏళ్ల పని అలా ఒక్క మాటతో నా చేతికొచ్చింది. నాన్న ఏమీ అనలేదు. దిమ్మ, కాగితం మీద గీసిన మామిడి పిందె సంచిలో వేసుకుని రైలెక్కి వచ్చేశారు.

మెషీన్ చుట్టూ ఒకసారి తిరిగి చూసి అడిగారు: ‘‘ఏరా, ఇనుము ఎంత గట్టిదో దానికెవరు చెప్పారు?’’

ఎవరూ చెప్పరు. మనమే చెప్పాలి. కొత్తగా నేర్చుకునే కుర్రాళ్లకు నేను మొదట చెప్పేదీ ఇదే. మెషీన్‌కు తెలిసింది దూరాలే. కోనేరు సెంటర్ నుంచి ఫలానా ఇంటికి దారి చెప్పేటప్పుడు ‘ఇక్కణ్నుంచి ఇన్ని అడుగులు తూర్పుకి, ఇన్ని ఉత్తరానికి’ అని చెబితే ఎలా ఉంటుందో అలా. ఆ కోనేరు సెంటరే మన ‘జీరో’. దిమ్మ మూలలో దాన్ని మనమే పెట్టుకుంటాం. ఎక్స్ అంటే అడ్డం, వై అంటే నిలువు, జెడ్ అంటే ఎత్తు. జెడ్ ముందు మైనస్ ఉంటే కట్టరు ఇనుములోకి దిగుతున్నట్టు.

ఇక ఆజ్ఞలు. జి00 అంటే గాలిలో వేగంగా వెళ్లు. జి01 అంటే కోస్తూ తిన్నగా వెళ్లు. జి02, జి03 వంపులకి, ఒకటి గడియారం తిరిగేవైపు, రెండోది ఎదురువైపు. ‘జి01 ఎక్స్60. ఎఫ్95’ అని రాస్తే, నిమిషానికి 95 మిల్లీమీటర్ల చొప్పున కోస్తూ అరవై దగ్గరికి వెళ్తుంది. అరవై పక్కన చుక్క చూశారా? కొన్ని కంట్రోళ్లలో ఆ చుక్క మరిచిపోతే అరవై మైక్రాన్లు అనుకుంటుంది. అంటే మిల్లీమీటరులో పదహారో వంతు కూడా కాదు! అందుకే దిమ్మ పెట్టకముందు ఒకసారి గాలిలో నడిపి చూస్తాం.

ఇదంతా 1952లో అమెరికాలోని ఎంఐటీలో చిల్లులు పొడిచిన కాగితం రిబ్బనుతో మొదలైంది. హెలికాప్టర్ రెక్కల వంపులు చేత్తో సరిగ్గా రావడం లేదని జాన్ పార్సన్స్ అనే ఆయన పట్టుబట్టిన ఫలితమది. లెక్కతో లోహాన్ని లొంగదీయడం బందరుకూ కొత్త కాదు లెండి. ఆంధ్ర సైంటిఫిక్ కంపెనీ 1926లో పుట్టింది బందర్లోనే. 1983లో బీఈఎల్ దాన్ని తీసుకుంది.

నాన్న అడిగింది మాత్రం వేరు. గట్టిదనం ప్రోగ్రాములో ఎక్కడుంది? ఎస్, ఎఫ్ అనే రెండక్షరాల్లో. మామూలు మెత్తని ఉక్కును హైస్పీడు స్టీలు కట్టరు నిమిషానికి 30 మీటర్ల వేగంతో కోయగలదు. పది మిల్లీమీటర్ల కట్టరైతే నిమిషానికి సుమారు 950 చుట్లు. రెండు పళ్ల కట్టరు, పంటికి 0.05 మిల్లీమీటరు చొప్పున లెక్కేస్తే ఎఫ్95. దిమ్మ పైముఖం చదును చేయడానికి అదే రాశాను.

మెషీన్ మొదలైన అరనిమిషానికే నాన్న చెయ్యెత్తారు. ‘‘కీచుమంటోంది. ఇది పాత దిమ్మ, గట్టిరకం. నేనైతే ఉలి మీద ఇంత జోరుగా కొట్టను.’’ నాబ్ తిప్పి చుట్లు 750కి, ఫీడు 75కి దించాను. కీచు ఆగింది. రజను ఒకే తీరుగా రాలడం మొదలైంది. ఆయన చెవి చెప్పిన లెక్కనే ప్రోగ్రాములో దిద్దాను.

మామిడి పిందె చెక్కడానికి ఒక మిల్లీమీటరు కట్టరు వేశాం. అదే సూత్రం ప్రకారం దానికి తొమ్మిదిన్నర వేల చుట్లు కావాలి. మా మెషీన్ ఆరువేలు దాటదు. అందుకే పొర పొరగా, నిదానంగా నడిపాం. నాన్న స్టూలు మీంచి లేవలేదు. మధ్యాహ్నం క్యారియర్ కూడా అక్కడే విప్పారు.

అచ్చు తీసి చేతికిస్తే భూతద్దంలో చాలాసేపు చూశారు. వంపులు బాగున్నాయన్నారు. ‘‘కొస మొద్దుగా ఉందేంట్రా?’’ గుండ్రటి కట్టరు లోపలి మూలను సూదిగా చేయలేదు. ఎంత సన్నదైనా దాని సగం మందం వంపు మిగిలిపోతుంది. ఇక్కడ అరమిల్లీమీటరు.

ఆయన సంచిలోంచి గుడ్డలో చుట్టిన ఉలి తీశారు. ఇరవై నిమిషాల్లో పిందె కొస సూదిలా తేలింది.

ఊరెళ్లాక ఫోన్ చేశారు. షాపాయన ఇంకో ఆరు డిజైన్లు ఇచ్చాడట. ‘‘వంపులు నువ్వు కోసి పంపు. కొసలు ఇక్కడ నేను చూసుకుంటాను. దిమ్మలు మాత్రం ఆ పాతరకమే, ముందే చెబుతున్నా. 750 దాటించకు’’ అన్నారు.