సందులో తిరగని లారీ

హైదరాబాద్ నుంచి విడవలూరుకు సామాను తెప్పించుకునేవాళ్లు ఫోన్లో చెప్పిన రేటుకే మురిసిపోకండి. మా బావగారి సామాను తెచ్చిన లారీ నిన్న సందు మొదట్లోనే ఆగింది. "లోపలికి తిరగదు సార్, చిన్న ఏనుగు, అదే టాటా ఏస్ బండి, మాట్లాడాలి" అన్నాడు డ్రైవర్. బీరువా లారీలో, బేరం రోడ్డు మీద! హమాలీ, మేడమెట్లు, ఏసీ విప్పడం, ఒక్కోదానికీ వేరే లెక్కట. సందు ఫొటో ముందే వాట్సాప్‌లో పంపి, ఇవన్నీ కలిపి రేటు రాయించుకోవాలి. ఇన్సూరెన్స్ అని డబ్బులు తీసుకుంటే పాలసీ కాగితం చూపించమనండి, అప్పుడు చూడాలి వాళ్ల మొహం. బిల్లు మీది జీఎస్టీ నంబరు అసలుదో కాదో పోర్టల్‌లో కొడితే తెలిసిపోతుంది. పేచీ వస్తే 1915, వినియోగదారుల హెల్ప్‌లైన్. ఇక బేరానికంటారా, ఎవరూ ఇల్లు మారని ఆషాఢమే మేలు. మా అత్తయ్య ఒప్పుకోవాలి కదా!