ఫోలియో నంబరు లేని లెడ్జరు

నేను కామర్స్ చదివినవాణ్ణి. ముప్పై ఏళ్లకు పైగా బ్యాంకులో డెబిట్లూ క్రెడిట్లూ సరిచూసుకుంటూ వచ్చాను. మెదడు గురించి రాయడానికి నాకున్న అర్హత ఒక్కటే. మా అమ్మ మరిచిపోతోంది.

బరంపురంలో మాది నాలుగు తరాల కాపురం. 1936లో గంజాం ఒరిస్సాలో కలిసినప్పుడు మా తాతగారి ఇల్లు ఉన్నచోటే ఉంది, రాష్ట్రమే మారింది. అమ్మది ఇచ్ఛాపురం. ఇప్పుడు ఆవిడకు ఎనభై దాటాయి. పొద్దున్న తిన్న ఉప్మా మధ్యాహ్నానికి గుర్తుండదు. నన్ను ఒక్కోసారి "తమ్ముడూ" అని పిలుస్తుంది. ఆ తమ్ముడు, అంటే మా మేనమామ, పోయి ఇరవై ఏళ్లు.

2024 వేసవిలో ఒక సాయంత్రం అమ్మ తన పెళ్లి ముచ్చట చెప్పింది. "వానంటే అలాంటిలాంటి వానా? పందిరి కూలిపోనాది. మేళగాళ్లు సన్నాయిలు చంకలో పెట్టుకుని రాములోరి గుడిలోకి పరుగో పరుగు" అని ఒకటే నవ్వు. నేను ఊరుకోవచ్చు కదా! "అమ్మా, ఆ వాన పిన్ని పెళ్లిలో. నీ పెళ్లి మండుటెండల్లో జరిగింది" అని పాత ఫొటో తెచ్చి చూపించాను. లెడ్జరులో తప్పు కనిపిస్తే దిద్దకుండా ఉండలేని ఉద్యోగం నాది. అమ్మ ఆ ఫొటో చాలాసేపు చూసింది. "అలాగేటి" అంది. ఆ తర్వాత కొన్ని నెలలపాటు తనంతట తానుగా ఏ ముచ్చటా ఎత్తలేదు.

మా అమ్మాయి భువనేశ్వర్‌లో కంప్యూటర్ ఇంజనీరింగ్ చదువుతోంది. ఆ ఏడాది దసరాకు ఇంటికి వచ్చినప్పుడు, అప్పుడే ప్రకటించిన భౌతికశాస్త్ర నోబెల్ గురించి ఉత్సాహంగా చెప్పింది. జెఫ్రీ హింటన్‌తో కలిసి ఆ బహుమతి అందుకున్నాయన జాన్ హాప్‌ఫీల్డ్. 1933లో షికాగోలో పుట్టిన భౌతికశాస్త్రవేత్త. 1982లో ఆయన ఐదు పేజీల పరిశోధన పత్రం ఒకటి రాశారు. అందులో అడిగిన ప్రశ్న నాకు మా బ్రాంచిని గుర్తుకు తెచ్చింది.

కంప్యూటర్లు రాకముందు మా బ్యాంకులో ప్రతి ఖాతాకూ లెడ్జరులో ఒక ఫోలియో నంబరు ఉండేది. నంబరు చెబితే పేజీ దొరుకుతుంది, లేకపోతే లేదు. 1993లో గోపాల్‌పూర్ నుంచి ఒక ముసలి జాలరి వచ్చాడు. పాస్‌బుక్కు పోయింది, నంబరు తెలియదు. "పెద్ద గాలివాన వచ్చిన ఏడు పడవ అమ్మి ఏసినాను బాబూ" అన్నాడు. మా లెడ్జరు గుమాస్తా తలెత్తి, అతని నుదుటి మీది మచ్చ చూసి, క్షణంలో పేరూ, కొడుకు పేరూ, మొత్తమూ చెప్పేశాడు. బీరువాలో ఉన్న లెడ్జరు చేయలేని పనిని ఆ గుమాస్తా బుర్ర ఎలా చేసింది? తునక ఇస్తే మొత్తం ఎలా లేచి వచ్చింది?

హాప్‌ఫీల్డ్ ఊహించిన యంత్రంలో ఫోలియో నంబర్లు లేవు. చిన్న చిన్న కణాలు ఉంటాయి. ఒక్కొక్కటీ వెలిగైనా ఉంటుంది, ఆరైనా ఉంటుంది. ప్రతి కణానికీ మిగతా అన్నిటితో లంకె. కలిసి వెలిగే నాడీకణాల మధ్య లంకె బలపడుతుందని 1949లోనే కెనడా మనస్తత్వ శాస్త్రవేత్త డొనాల్డ్ హెబ్ చెప్పారు. హాప్‌ఫీల్డ్ ఆ సూత్రాన్ని తీసుకుని, దానికి భౌతికశాస్త్రం నుంచి ఒక లెక్క జోడించారు. జ్ఞాపకాలు పల్లపు గుంటల్లాంటివి. వాన చినుకు ఏ వాలు మీద పడితే ఆ వాలు కింది గుంటలోకే జారుతుంది. అలాగే సగం చెదిరిన గుర్తు ఇచ్చినా, యంత్రం తన దగ్గరలో ఉన్న పూర్తి జ్ఞాపకంలోకి దిగి ఆగుతుంది.

ఇది నాకు బోధపడాలని మా అమ్మాయి పది అడ్డం, పది నిలువు గళ్లతో ఒక చిన్న ప్రోగ్రాం రాసింది. వంద గళ్లు, వంద కణాలు. "తెలుగు అక్షరాలు నువ్వే గీసి ఇవ్వు నాన్నా" అంది. దానికి ఒడియా వచ్చినట్టుగా తెలుగు చదవడం రాదు. నేను గ్రాఫు కాగితం మీద 'అ', 'క', 'మ' గీసి ఇచ్చాను. అక్కడక్కడ గళ్లు చెరిపేసినా యంత్రం అక్షరాన్ని పూర్తిచేసింది. నాకు ముచ్చటేసింది. "ఇంకా ఎక్కించు" అన్నాను. హాప్‌ఫీల్డ్ లెక్క ప్రకారం కణాల సంఖ్యలో సుమారు 15 శాతం దాటితే పొరపాట్లు ముంచుకొస్తాయి. అంటే వంద కణాలకు పదిహేను జ్ఞాపకాలు. ఒకదానికొకటి పోలిక ఉంటే ఆ మాత్రం కూడా పట్టవు. 'య' ఎక్కించాక కాసేపటికి తెర మీద ఒక అక్షరం నిలిచింది. అది 'మ' కాదు, 'య' కాదు. రెంటి ముక్కలూ కలిసి ఉన్నాయి.

"ఇది మనం ఎక్కించింది కాదు నాన్నా. కానీ దానికి ఇదీ ఒక జ్ఞాపకమే. నిజం దానికీ దీనికీ తేడా తెలియదు" అంది అమ్మాయి.

నాకు వాన, పందిరి, ఫొటో గుర్తొచ్చాయి. ఒకే ఊరు, ఒకే పెరడు, ఇద్దరు అక్కచెల్లెళ్ల పెళ్లిళ్లు. అమ్మ అబద్ధం చెప్పలేదు. అది తప్పు ఎంట్రీ కూడా కాదు.

ఇంకొక సంగతి. లెడ్జరులో ఒక పేజీ చిరిగితే ఆ ఖాతా మొత్తం పోతుంది, పక్క పేజీకి ఏమీ కాదు. హాప్‌ఫీల్డ్ యంత్రంలో ప్రతి లంకెలోనూ అన్ని జ్ఞాపకాల వాటా కొంచెం కొంచెం ఉంటుంది. కొన్ని లంకెలు తెగినా ఏ ఒక్కటీ పూర్తిగా పోదు, అన్నీ కాస్త కాస్త మసకబారతాయి.

నిజమైన మెదడు ఇంత సులువు కాదనీ, అమ్మ జబ్బుకు వంద గళ్ల ఆటలో మందు లేదనీ నాకు తెలుసు. నేను నేర్చుకున్నది చిన్నది. ఇదివరకు రోజూ "పొద్దున్న ఏం తిన్నావు? ఇవాళ ఏ వారం? నేనెవర్ని?" అని అడిగేవాణ్ణి. అవన్నీ ఫోలియో నంబరు అడగడమే. ఇప్పుడు ప్రశ్న మానేసి తునక ఇస్తున్నాను. తంపర కాలవ పేరో, బెల్లం పాకం వాసనో. ఒక్కోసారి ఏదీ లేవదు. ఒక్కోసారి గంటసేపు మాట్లాడుతుంది.

మొన్న వానాకాలంలో వరండాలో కూర్చున్నాం. చినుకులు మొదలయ్యాయి. "పందిరి కూలిపోనాదంట కదమ్మా" అన్నాను, ఆవిడ మాటల్లోనే. అమ్మ ముఖం విప్పారింది. వాన, సన్నాయిలు, రాములోరి గుడి అన్నీ వచ్చాయి. ఈసారి గొడుగు పట్టుకున్న మా నాన్న కూడా వచ్చారు. మా అమ్మాయి నా వంక చూసింది. నేను మాట్లాడలేదు. బ్యాంకులో తేలని మొత్తాలను సస్పెన్స్ ఖాతాలో ఉంచుతాం. ఇదీ అక్కడే ఉండనీ అనుకున్నాను.

అమ్మ ఉన్నట్టుండి ఆగి నావైపు తిరిగింది. "అప్పటికి నువ్వింకా నా కడుపునే పడలేదు కదరా. నీకెవరు చెప్పినారు?"

"నువ్వే చెప్పావమ్మా" అన్నాను.