వైరు ఖరీదు చూసి పాట వింటామా?

మా వారికి ఘంటసాల పాటలంటే ప్రాణం. సీడీ ప్లేయర్ నించి ఆంప్లిఫయర్‌కి వెళ్ళే వైరు పాడై, పాట వెనక ఒకటే ‘హుమ్’మని మోత. షాపతను 4,000 రూపాయల వైరు చూపించాడు. అమ్మాయి ఫీజు కట్టాల్సిన నెలాయె! రేడియోలు బాగుచేసే మా తమ్ముణ్ణి అడిగితే మూడే చూడమన్నాడు: లోపల రాగి తీగ, దాని చుట్టూ జల్లెడలా అల్లిన రాగి తొడుగు, వదులు లేని పిన్నులు. కరెంటు మోతని ఆపేది ఆ తొడుగేనట. బంగారు పూత పిన్నులకి చిలుము పట్టనివ్వదు, అంతేగానీ గొంతుకి తీపి తేదు. మీటరు పొడవు చాలు. ఎర్ర పిన్ను కుడికి, తెల్లది ఎడమకి పెట్టి, కరెంటు వైర్లకి దూరంగా లాగాం. 350 రూపాయలతో మోత పోయింది. మిగిలిన డబ్బు ఫీజులో కలిసింది. తీపి ఘంటసాల గొంతులోది గానీ వైరుది కాదు కదండీ!