చెవులతో చూడవలసిన కోట

గోల్కొండను కళ్ళతో చూచి వచ్చేవారే ఎక్కువ. కాని అది చెవులతోకూడ చూడవలసిన కోట. ప్రవేశద్వారం వద్ద గుమ్మటం కింద నిలిచి చప్పట్లు చరిస్తే, ఆ ధ్వని 120 మీటర్ల ఎత్తైన కొండకొమ్మున ఉన్న బాలాహిస్సారులో వినవస్తుంది. ఆగంతకుల రాకను పైవారికి ఎరిగించడానికి కుతుబ్ షాహీలు చేసుకున్న ఏర్పాటు ఇదని చెబుతారు.

నేటి యాత్రికులలో కొందరు చెవులకు బిరడాలు బిగించుకుని మెట్లెక్కుతారు. వారికి పాట వినిపిస్తుంది. చప్పట్లు మాత్రం వినిపించవు. మరికొందరి చెవులు తెరిచే ఉంటాయి. చెవికి ముందు, చెంప ఎముకపై చిన్న బిళ్ళలు ఆని ఉంటాయి. అవి బోన్ కండక్షన్ హెడ్‌ఫోన్లు. వాటి ప్రకంపనలు కపాలం ఎముకలగుండా సాగి, కర్ణభేరితో పెద్దగా పని లేకుండానే, నత్తగుల్లవంటి లోపలి చెవిని చేరుతాయి.

ఈ మార్గం మనకు కొత్తదేమీ కాదు. చెవులు మూసుకుని జంతిక నమిలితే తలంతా మోగుతుంది. రికార్డు చేసిన తన గొంతు తనకే పరాయిగా తోచడానికి కారణమూ ఇదే: మాట్లాడేటప్పుడు ఎముకలద్వారా కలిసే గంభీరనాదం రికార్డులో ఉండదు. గోల్కొండను కుతుబ్ షాహీలు ఏలుతున్న 16వ శతాబ్దంలోనే, పళ్ళ మధ్య పట్టిన కడ్డీద్వారా ధ్వనిని వినవచ్చునని ఇటలీ వైద్యుడు జిరోలామో కార్డానో (1501–1576) వ్రాశాడు. 1977లో స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ వైద్యులు చెవి వెనుక ఎముకలో టైటానియం మరను నాటి, దానికి వినికిడి యంత్రాన్ని అమర్చారు. వెలుపలి చెవి, మధ్యచెవి దెబ్బతిన్నవారికి అది వరమైంది.

నిత్యజీవితంలో దీని ప్రయోజనం సులభంగానే బోధపడుతుంది. హుస్సేన్‌సాగర్ గట్టున నడిచేవారికి వార్తలతోపాటు వెనుక వచ్చే మోటారుసైకిలు హారనూ వినిపిస్తుంది. వంటింట్లో పాట వింటున్న ఇల్లాలికి కుక్కరు కూత, పసివాడి ఏడుపు అందుతాయి. అన్నిటికన్న మిన్నగా, చూపులేని బాటసారికి ఫోను చెప్పే దారి చెంపనుండి అందుతుంది. చేతికర్ర చప్పుడును, గోడల ప్రతిధ్వనిని చదువుకోవడానికి చెవులు మిగులుతాయి. గోల్కొండ ఎగుడుదిగుడు మెట్లమీద ఆ స్వేచ్ఛ విలువ ఇంతంత కాదు.

లోపాలు లేకపోలేదు. లంగర్‌హౌస్ కూడలి రొదలో మాట మరుగున పడిపోతుంది. మృదంగపు మంద్రనాదం పలుచబడుతుంది. చెవి రంధ్రం తెరచి ఉన్నదికదా అని ధ్వని పెంచితే లోపలి చెవికి కీడు తప్పదు. పాటలో లీనమైన మనసుకు తెరచిన చెవికూడ అక్కరకు రాదు.

1687లో ఎనిమిది నెలల ముట్టడిని తట్టుకున్న ఈ కోట, లోపలివారే ద్వారం తెరవడంతో ఔరంగజేబు వశమైంది. కాపలావాడు ఆదమరిస్తే కోటగోడలు ఏం చేయగలవు? పరికరం చెవిని తెరచి ఉంచుతుంది. ఆలకించే బాధ్యత మనిషిదే.