పైచెయ్యి, కింది చెయ్యి

మా ఇళ్లల్లో తీసుకోవడానికి చాలా పేర్లున్నయి. జకాత్ అంటారు, ఫిత్రా అంటారు, సద్ఖా అంటారు, ఖైరాత్ అంటారు. తెలుగులోకొస్తే దానం, ధర్మం, సాయం. సర్కారు భాషలో పింఛను, పథకం, లబ్ధి. పేర్లు ఎన్నున్నా నాకు మాత్రం అవన్నీ ఒక్క చెయ్యిగానే కనిపిస్తయి. మా అమ్మీ చెయ్యి. వేళ్ల కొసలు అరిగిపోయి, గోళ్ల సందుల్లో తంబాకు నల్లగా పట్టుకుపోయిన చెయ్యి.

'మీకేం, వందల ఏళ్లు ఏలినోళ్లు' అని డిగ్రీలో ఒక లెక్చరర్ నాతో నవ్వుతూ అన్నాడు. క్లాసంతా నవ్వింది. ఏలినవాళ్లెవరో నాకు తెలియదు. మాది కామారెడ్డి దగ్గర ఒక పల్లె. మా అబ్బా సైకిళ్లకు పంక్చర్లు వేసేవాడు. మా దాదాకున్న జాగా ఇంటి కింద వున్నంతే. ఇంకో జాగా ఆయనకు ఖబరస్తాన్‌లో దొరికింది. భూమి లేదు, బర్రె లేదు, బావి లేదు. వున్నదల్లా బీడీ. అమ్మీ, ఖాలా, ఫుప్పు, గోడకవతల పద్మశాలీల అక్క, అందరి ఒళ్లోనూ చాట. తునికాకు నానబెట్టాలి, కత్తిరించాలి, తంబాకు పోసి చుట్టాలి, దారం కట్టాలి. వెయ్యి బీడీలకు ఇంత అని కూలి. బాగాలేవని కార్ఖానాలో తీసి పక్కన పడేసినవాటికి కూలి లేదు. మా మతం వేరు, మీ మతం వేరు అని చెప్పడానికొచ్చేవాళ్లు మా వాడకట్టులో ఆ చాటలు చూసి మాట్లాడితే బాగుండేది.

నేను ఇంటర్ చదివేటప్పుడు అబ్బా పోయాడు. దేశమంతటా వృద్ధాప్య పింఛను 1995 ఆగస్టులో మొదలైంది, నెలకు 75 రూపాయలు. వితంతువులకు కూడా ఏదో ఇస్తారని ఎవరో చెబితే అమ్మీ నన్ను తోడు తీసుకుని ఆఫీసుకు పోయింది. 'వూరికి ఇన్ననే లెక్క వుంది. ఎవరన్నా చస్తే ఖాళీ అయితది, అప్పుడు రా' అన్నాడు అక్కడి మనిషి. అమ్మీ తిరిగొచ్చేటప్పుడు దారంతా మాట్లాడలేదు. ఇంటికొచ్చాక ఒక్క మాట అంది. 'కిసీకే మర్నేకీ దువా కైసా మాంగూఁ?' ఒకరి చావు కోసం దువా ఎట్లా చెయ్యను అని.

అప్పుడు మాకు దిక్కు రంజాన్. పట్నం నుంచీ గల్ఫ్ నుంచీ వచ్చినవాళ్లు జకాత్ ఇచ్చేవాళ్లు. ఏడాదంతా మిగిలిన సొమ్ములో నూటికి రెండున్నర పేదల వాటా. అది ఇచ్చేవాడి దయ కాదు, తీసుకునేవాడి హక్ అని దీన్ చెబుతుంది. హనఫీ ఫిఖ్‌లో తమ్లీక్ అని ఒక మాట వుంది. జకాత్ సొమ్మును పేదవాడి చేతికి యజమానిగా అప్పగించాలి, అప్పుడే అది చెల్లినట్టు. ఆ తర్వాత దాన్ని దేనికి ఖర్చు పెట్టుకుంటాడన్నది అతని ఇష్టం. ఎంత గొప్ప మాట! కానీ మా వూళ్లో జరిగిందేమిటి? మజీదు వెనక ఆడవాళ్లను వరస కట్టించేవాళ్లు. పైసలకు బదులు చీరలు, అన్నీ ఒకే రంగువి. పండగనాడు ఆ రంగు చీర కట్టుకుంటే ఎవరింట్లో ఏం లేదో వూరంతటికీ తెలిసిపోయేది. నేను ఆ రంగును ఇప్పటికీ కట్టుకోను. ఇచ్చే చెయ్యి తీసుకునే చెయ్యికన్నా మేలని బయాన్‌లో చెప్పేవాళ్లు. ఆ మాట విన్నప్పుడల్లా తీసుకునేవాళ్లు తలలు వంచుకునేవాళ్లు. తీసుకోవడం వాళ్లు కోరుకున్నదా అని ఎవరూ అడగలేదు.

ఉమ్మడి రాష్ట్రం చివరి ఏళ్లలో అమ్మీకి పింఛను మంజూరైంది, 200 రూపాయలు. తెలంగాణ వచ్చాక 2014 నవంబరులో అది వెయ్యి అయింది. 2019లో 2016 రూపాయలు. పత్రికలో ఉద్యోగం చేసే నాకు ఆ వెయ్యి పెద్ద సొమ్ము కాదు. నేనే పంపిస్తానన్నాను. అమ్మీ వొప్పుకోలేదు. బిడ్డ పైసలు తినడం మా దగ్గర తక్కువతనం, అల్లుడి ముందు మాట పడిపోతుంది. కొడుకు దగ్గర తీసుకుంటే కోడలికి జవాబు చెప్పాలి. పింఛను అట్లా కాదు. 'ఏ మేరే పైసే హైఁ' అంది. ఇవి నా పైసలు అని. అరవై ఏళ్లకు దగ్గరపడుతున్న మనిషి నోట ఆ మాట నేను వినడం అదే మొదటిసారి. బీడీ కూలి ఎన్నడూ ఆమె పైసలు కాలేదు. అది చేతికి రాకముందే కిరాణం ఉద్దరకు పోయేది.

వెయ్యి రూపాయలు ఏం చేసింది? పేదరికం పోగొట్టలేదు. బీపీ గోలీలు సగం సగం మింగడం మాన్పించింది. కిరాణం సేట్ ఉద్దర ఇవ్వడానికి మొహం చిట్లించడం మానేశాడు, ఏ తారీఖుకు పైసలొస్తాయో అతనికీ తెలుసు కాబట్టి. నాలుగు నెలలు కూడబెట్టి రెండు మేకపిల్లలు కొంది. మనవడికి పలకా బలపం కొనిపెట్టింది. ఆ రంజాన్‌లో ఫిత్రా ఇస్తానంది. పావు తక్కువ రెండు కిలోల గోధుమల ఖరీదు. నిసాబ్ లేదు కాబట్టి నీమీద వాజిబ్ కాదమ్మా అని హజ్రత్ చెప్పాడు. 'ఇత్తే సాలాఁ లియీ హజ్రత్, అబ్ దేనే దేవ్' అంది. ఇన్నేళ్లు తీసుకున్న, ఇప్పుడన్నా ఇయ్యనియ్యమని. ఈద్‌నాడు వాడకట్టు పిల్లలకు పదేసి రూపాయల ఈదీ పంచింది. కింది చెయ్యి పైకి రావడమంటే ఏమిటో నాకు ఏ బయాన్‌లోనూ అర్థం కాలేదు, ఆరోజు అర్థమైంది.

పేదవాడికి నగదు ఇస్తే తాగుతాడు, సోమరి అవుతాడు అనే మాట మా ఆఫీసు క్యాంటీన్‌లో రోజూ వినేదాన్ని. మధ్యప్రదేశ్‌లో 'సేవా' సంస్థ 2011 జూన్‌లో 8 వూళ్లలో ఒక ప్రయోగం మొదలుపెట్టింది. పెద్దవాళ్లకు నెలకు 200, పిల్లలకు 100. ఏడాది తర్వాత 300, 150. ఏ షరతూ లేదు. ఆ సొమ్ము ఎక్కువగా తిండికీ, మందులకూ, పిల్లల చదువుకూ, విత్తనాలకూ, మేకలకూ పోయింది. తాగుడు పెరిగిన దాఖలా లేదు. అందులో నాకు నచ్చింది ఇంకొకటుంది. ఇంటికింత అని ఇవ్వలేదు, మనిషికింత అని ఇచ్చారు. ఆడమనిషి పైసలు ఆడమనిషికే. పిల్లల పైసలు తల్లికి.

ఈ సోమరితనం భయం కూడా కొందరి విషయంలోనే వస్తుంది. 2018 మేలో రైతుబంధు మొదలైనప్పుడు ఎకరానికి పంటకు 4000. ఇరవై ఎకరాల పట్టాదారుకు రెండు పంటలకు కలిపి ఏడాదికి లక్షా అరవై వేలు. ఆ ఏడు మా అమ్మీకి వచ్చింది పన్నెండు వేలు. పట్టాదారు తాగుతాడేమోనని ఎవరూ దిగులుపడలేదు. ఆ భూమిని కౌలుకు చేస్తున్నవాడికి పైసా రాలేదు. మా వాడకట్టులో పట్టా పాసుబుక్కున్న ఇల్లు ఒక్కటీ లేదు. 2022 జులైలో ప్రధాని నోటి వెంట 'రేవ్డీ' మాట వచ్చింది, ఉచితంగా పంచే మిఠాయి అన్న అర్థంలో. అప్పటినుంచి ఆ మాటతో ముందుగా గుర్తొస్తున్నది మా అమ్మీ లాంటివాళ్లే, ఇరవై ఎకరాల ఆసామి కాదు.

ఇక కాగితాల సంగతి. 2015లో బీడీ కార్మికులకు వెయ్యి రూపాయల జీవనభృతి ఇచ్చారు. మంచి పని. నా వూళ్లో ఎందరో ఆడవాళ్లకు అది ఆసరా అయింది. కానీ పి.ఎఫ్. ఖాతా వుండాలన్నారు. మా ఖాలా పదేళ్ల వయసు నుంచి బీడీలు చుట్టింది. ఆమె చుట్టినవి వేరేవాళ్ల పాసుబుక్కులో రాసేవాళ్లు. కార్ఖానా లెక్కలో ఖాలా అనే మనిషే లేదు. వంగిపోయిన నడుము సాక్ష్యంగా చెల్లలేదు. తర్వాత వయసు పింఛనుకు పోదామంటే ఇంట్లో ఒక్కరికే అన్నారు. అది ఖాలూ పేర వుంది. ఖాలూ పింఛను ఖాలూ జేబులోకి పోతుంది. ఆ జేబులోంచి పది రూపాయలు బయటికి రావాలంటే ఖాలా ఇప్పటికీ చెయ్యి చాచాల్సిందే. ఒకే ఇంట్లో పైచెయ్యీ కింది చెయ్యీ ఎట్లా తయారవుతాయో చూడండి.

కాగితాలున్నవాళ్లకూ తిప్పలు తప్పలేదు. బీడీలు చుట్టిన వేళ్లకు ముద్రలెక్కడివి? పోస్టాఫీసు మిషన్ అమ్మీని గుర్తుపట్టేది కాదు. పోస్టుమాస్టరు మంచివాడు. వేళ్లకు కొంచెం నూనె రాసి, కొంగుతో తుడుచుకుని మళ్లీ పెట్టమనేవాడు. ఒక్కో నెల నాలుగుసార్లు తిరిగేది. ముప్పై ఏళ్ల చాకిరీ ఆమె వేలిముద్రను తినేసింది, ముద్ర లేదని మిషన్ ఆమె పైసలు ఆపింది. ఆంధ్రలో 2020 ఫిబ్రవరి నుంచి పింఛను గడప దగ్గరికే తెచ్చిచ్చారు. ఆ మర్యాద మా ముసలివాళ్లకూ దక్కాలని నేను చాలాసార్లు రాశాను.

నగదు చేసే మేలే చెప్పి వూరుకోను. మా సొంత ఇంటి మురికి కూడా చెప్పాలి. 2014 అక్టోబరులో షాదీ ముబారక్ వచ్చింది. మొదట 51 వేలు, 2018కి లక్షా నూట పదహారు. పద్దెనిమిదేళ్లు నిండితేనే అన్న షరతు వల్ల మా చుట్టాల్లో ఇద్దరు పిల్లల పెళ్లిళ్లు ఆగడం నాకు తెలుసు. అందుకు సలాం. కానీ ఖాలా మనవరాలికి సంబంధం వచ్చినప్పుడు పిల్లవాడి తరఫువాళ్లు ఏమన్నారు? 'సర్కారు లక్ష ఇస్తది గదా, బండి ఇప్పియ్యిండ్రి' అన్నారు. పెళ్లికి ముందే ఆ లక్ష జహేజ్ లెక్కలో చేరిపోయింది. చెక్కు పెళ్లయిన ఎనిమిది నెలలకు వచ్చింది. అప్పటిదాకా నూటికి మూడు రూపాయల వడ్డీకి లక్ష తెచ్చారు. వడ్డీయే ఇరవై నాలుగు వేలు. చెక్కు పట్టుకుని తల్లులంతా నాయకుడి పక్కన ఫొటోకు నిలబడ్డారు. నాకు మజీదు వెనక ఒకే రంగు చీరల వరస గుర్తొచ్చింది. మెహర్ ఇచ్చి పెళ్లి చేసుకోవాల్సిన మగవాడు సర్కారు సొమ్ము మీద బండి ఎక్కుతుంటే ఖుత్బాలో దాని గురించి ఒక్క మాట వినపడలేదు. మా పెద్దలను నేను అడిగేది ఇదే. జకాత్‌కు తమ్లీక్ వుందని చెప్పే నోళ్లు జహేజ్ దగ్గరికి రాగానే ఎందుకు మూతపడుతున్నయి?

సెక్యులర్ మిత్రులకూ ఒక మాట. పింఛను ఇచ్చాం కదా అని బడి మూసెయ్యకండి, దవాఖానాలో డాక్టరు లేడన్న సంగతి మరిచిపోకండి. అమ్మీ వెయ్యి రూపాయల్లో నాలుగు వందలు గోలీలకే పోయినప్పుడు అది ఆమె చేతికొచ్చిన సొమ్మా, మందుల దుకాణానికి పోయిన సొమ్మా? వెయ్యి బీడీలకు న్యాయమైన కూలి దొరికి వుంటే ఆమెకు ఈ వరసలో నిలబడే పనే వుండేది కాదు. నగదు కూలికి బదులు కాదు, బడికి బదులు కాదు. అది మనిషి తలెత్తుకుని బేరమాడడానికి కాళ్ల కింద కాసింత నేల. భూమి లేనివాళ్లకు ఆ నేల ఎంత అవసరమో భూమి వున్నవాళ్లకు చెప్పడం కష్టం.

ఖాలాకు ఇప్పుడు బీడీ చుట్టే చూపు లేదు. ఏ లెక్కలోనూ పేరు లేదు. ఆమె ఎవరి భార్యో, ఏ మతమో, ఎవరి పాసుబుక్కులో బీడీలు రాయించిందో అడగకుండా ఆమె పేర, ఆమె చేతికి నెలకింత రావాలి. ఖైరాత్‌గా కాదు. ఇన్నేళ్లు ఆమె చుట్టిన బీడీలను ఎవరో అమ్ముకున్నారు, దాని మీద ఎవరో పన్ను వసూలు చేసుకున్నారు. ఆమె వాటా ఆమెకు బాకీ వుంది.