ఎర్రగచ్చు మీద ఆఫీసు కుర్చీ



2020 లాక్‌డౌన్‌లో మా అబ్బాయితోపాటు అతని ఆఫీసు కుర్చీ కూడా బెంగళూరు నుంచి మాస్తికి వచ్చింది. మాది నాన్నగారు వేయించిన ఎర్రగచ్చు. ఏళ్లతరబడి తుడిచి తుడిచి అద్దంలా తేలిన నేల. నెల తిరక్కుండానే బల్ల ముందు తెల్లగీతలు పడ్డాయి.

గీసేది చక్రం ఒక్కటే కాదు, దాని కింద నలిగే ఇసుక. మనిషి బరువంతా ఐదు చిన్న చక్రాల మీదే కదా! కింద పరిచే మ్యాట్ ఆ బరువును పంచాలి, ఇసుకను నేలకు తగలనివ్వకూడదు.

అడుగున ముళ్లున్న మ్యాట్లు కార్పెట్ కోసం చేసినవి, గచ్చుకు పనికిరావు. మనకు అడుగు నున్నగా ఉండాలి. పలుచటి పీవీసీలో చక్రాలు దిగబడి గుంతలు పడతాయి, పాలీకార్బొనేట్ గట్టిది. కుర్చీ వెనక్కి జరిపినా చక్రం అంచు దాటనంత వెడల్పు చూసుకోండి. వారానికోసారి ఎత్తి కింద తుడవండి, లేకుంటే అక్కడ చేరిన ఇసుకే గచ్చును అరగదీస్తుంది.

ఎర్రగచ్చుకు అతుకు వేస్తే పాత రంగులో కలవదు. పిల్లలు ఊళ్లోనే ఉండి ఉద్యోగం చేసుకుంటామంటే అంతకన్నా ఏం కావాలి? కుర్చీని రానిద్దాం, పెద్దల నేలనూ నిలుపుకుందాం.